ఐదు తూటాలు.. ఒక్క లీవర్! బొల్లారంలో పుట్టిన వేటగాడు ఆ తుపాకీనే ఎందుకు నమ్ముకున్నాడు?

ముదిగుబ్బ: ఇక్కడ మంచె అంటే ఏంటో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. వేరుశనగ కాయ ఊరే టైంలో రాత్రంతా చేలో కాపలా ఉండాల్సిందే. కన్ను మూతపడితే అడవి పందులు సాళ్లు సాళ్లు తవ్వేస్తాయి. ఇక గుట్టల వైపు చిరుత కనిపించిందన్న మాట వినపడితే చాలు, వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోతాయి. ఆ వీడియోల కింద ఎప్పుడూ ఓ కామెంట్ ఉంటుంది. ఓ తుపాకీ ఉంటే పని అయిపోయేది కదా అని.

పని అంత ఈజీగా అయిపోదని జీవితాంతం చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆయనకూ మంచె అలవాటే. కాకపోతే ఆయన కాపు కాసింది పంట కోసం కాదు.. మనుషుల్ని తినే పులుల కోసం. చేతిలో ఒకటే తుపాకీ. అమెరికాలో తయారైన వించెస్టర్ లీవర్ యాక్షన్ రైఫిల్. ఆయన పేరు కెన్నెత్ అండర్సన్.

పేరు చూసి విదేశీ కథ అనుకోవద్దు. అండర్సన్ పుట్టింది సికింద్రాబాద్ పక్కనే ఉన్న బొల్లారంలో. 1910 మార్చి 8న. స్కాట్లండ్ మూలాలున్న కుటుంబం, కానీ తరాల క్రితమే ఇండియాలో స్థిరపడింది. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ అండర్సన్ సైన్యానికి సంబంధించిన లెక్కల విభాగంలో పనిచేసేవారు. కొడుక్కి తుపాకీ పట్టుకోవడం నేర్పింది, అడవి మీద ఇష్టం పుట్టించింది ఆ తండ్రే.

చదువంతా బెంగళూరులో. బిషప్ కాటన్ స్కూల్, ఆ తర్వాత సెయింట్ జోసెఫ్స్ కాలేజీ. లా చదవమని ఎడిన్‌బరో పంపిస్తే మధ్యలోనే వదిలేసి వెనక్కి వచ్చేశారు. అక్కడ అడవి లేదు మరి! ఆ తర్వాత దాదాపు 15 ఏళ్లు తపాలా, తంతి శాఖలో ఉద్యోగం. అక్కడి నుంచి బెంగళూరు విమానాల ఫ్యాక్టరీకి.. అంటే ఇప్పుడు మనం హెచ్‌ఏఎల్ అంటున్న సంస్థకి మారారు. ప్లానింగ్ విభాగంలో మేనేజర్ స్థాయికి వెళ్లారు.

ఈ ఉద్యోగాల సంగతి ఎందుకంటే.. అండర్సన్ రాజు కాదు, జమీందారూ కాదు. ఏనుగు అంబారీ మీద కూర్చుని, వందమందితో డప్పులు కొట్టించి పులిని ముందుకు తోలించుకునే వేట ఆయనది కాదు. నెల జీతం మీద బతికే మనిషి. ఎక్కడో ఓ ఊళ్లో పులి మనుషుల్ని చంపుతోందని కబురొస్తే సెలవు పెట్టి, తన స్టూడ్‌బేకర్ కారులోనో రైల్లోనో బయల్దేరాలి. సెలవు అయిపోయేలోగా తిరిగి రావాలి. చాలాసార్లు పులి దొరకకుండానే సెలవు అయిపోయేది. మళ్లీ సెలవు దొరికేలోపు ఆ ఊళ్లో ఇంకో ప్రాణం పోయేది.

ఇంతకీ లీవర్ అంటే ఏంటి?

సినిమాల్లో కౌబాయ్ తుపాకీ చూసే ఉంటారు. ట్రిగ్గర్ చుట్టూ ఇనుప కడ్డీ ఒకటి లూప్‌లా ఉంటుంది. వేళ్లు అందులోనే ఉంటాయి. పేల్చగానే ఆ కడ్డీని కిందికి తోస్తే ఖాళీ తూటా బయటికి ఎగిరి పడుతుంది. మళ్లీ పైకి లాగితే కొత్త తూటా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అంతే. రెండు కదలికలు. ఒక్క క్షణం. తుపాకీని భుజం మీది నుంచి దించక్కర్లేదు, కన్ను గురి మీది నుంచి తిప్పక్కర్లేదు.

అదే బోల్ట్ రైఫిల్ అయితే కథ వేరు. చెయ్యి ట్రిగ్గర్ వదిలేసి పైకి రావాలి. పిడి ఎత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు నెట్టాలి, మళ్లీ దించాలి. బాగా అలవాటున్నవాళ్లు ఇదీ చకచకా చేసేస్తారు. కానీ చీకట్లో, చెమట పట్టిన చేత్తో, పదిహేను అడుగుల దూరంలో పులి గర్జిస్తుంటే? అక్కడ తేడా తెలుస్తుంది.

మరి బ్రిటిష్ దొరలు ముచ్చటపడే డబుల్ బ్యారెల్ రైఫిల్ సంగతి? రెండు గొట్టాలు, రెండు తూటాలు, మధ్యలో ఏ మెకానిజం అక్కర్లేదు. వేగంలో దాన్ని కొట్టేది లేదు. కానీ రెండూ అయిపోయాక తుపాకీని మధ్యకు విరిచి మళ్లీ నింపుకోవాలి. పైగా ధర! లండన్‌లో పేరున్న కంపెనీల దగ్గర ఆర్డర్ ఇచ్చి చేయించుకునే సరుకది. ఉద్యోగస్తుడికి అందే బేరం కాదు. వించెస్టర్ మాత్రం ఫ్యాక్టరీలో వేలల్లో తయారయ్యే తుపాకీ. మ్యాగజైన్‌లో నాలుగు, గొట్టంలో ఒకటి.. మొత్తం ఐదు తూటాలు. లీవర్ తుపాకీ మీద అప్పటి వేటగాళ్లకు అంత మోజు ఎందుకని అడిగితే సగం జవాబు ఇక్కడే ఉంది.

అండర్సన్ దగ్గరున్నది 1895 మోడల్. దాన్ని డిజైన్ చేసింది జాన్ బ్రౌనింగ్. అమెరికాలోని యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊరివాడు. తుపాకుల ప్రపంచంలో ఆయన్ని మించిన మెకానిక్ లేడనే చెబుతారు. అప్పటిదాకా వచ్చిన లీవర్ తుపాకుల్లో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో వరసగా, ఒకదాని వెనక ఒకటి ఉండేవి. దీంతో ఓ పెద్ద చిక్కు. మొన తేలిన తూటా వాడితే, తుపాకీ అదిరినప్పుడు ఆ మొన ముందున్న తూటా అడుగున తగిలి లోపలే పేలొచ్చు. అందుకే మొద్దు మొన తూటాలే వాడేవాళ్లు. బ్రౌనింగ్ ఆ గొట్టం తీసేసి ట్రిగ్గర్ ముందు పెట్టె లాంటి మ్యాగజైన్ పెట్టాడు. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. ఎంత పవర్‌ఫుల్ తూటా అయినా పెట్టుకోవచ్చు.

1904లో దీని కోసమే .405 తూటా వచ్చింది. 300 గ్రెయిన్ల బరువు. మన లెక్కలో 19 గ్రాములకు పైనే. సెకనుకు దాదాపు 670 మీటర్ల వేగం. పులికైనా ఎలుగుకైనా సరిపోయే దెబ్బ. అమెరికా అధ్యక్ష పదవి దిగిపోయాక థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లినప్పుడు ఈ తుపాకీనే వెంట తీసుకెళ్లారు. దాంతో దానికి ప్రపంచమంతా పేరొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం కూడా ఈ మోడల్‌నే తన తూటాకు తగ్గట్టు మార్పించుకుని లక్షల్లో కొనుక్కుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. భుజాన్ని గట్టిగా తంతుంది. వెనక చెక్క సన్నగా ఉండటంతో ఆ దెబ్బంతా ఒకేచోట పడుతుంది. నేల మీద బోర్లా పడుకుని కాల్చాలంటే లీవర్ కిందికి తెరుచుకోవడానికి చోటుండదు. లీవర్ కదిలిస్తే ఇనుము చప్పుడు కూడా వస్తుంది. రాత్రి అడవిలో ఆ చప్పుడు పులికి వినపడకుండా ఉండదు. అందుకే మొదటి తూటా ముందే ఎక్కించుకుని, కదలకుండా కూర్చోవాలి.

అండర్సన్ కూర్చునేది అలాగే. చెట్టు మీద మంచె. రైఫిల్ గొట్టానికి బిగించిన టార్చ్ లైట్. ఫ్లాస్కులో టీ. సాయంత్రం ఎక్కితే తెల్లారేదాకా దిగేది లేదు. దోమ కుట్టినా చెయ్యి కదపకూడదు. ఏదో చప్పుడైందని తొందరపడి లైట్ వేస్తే ఆ రాత్రి వృథా. అది జింకో నక్కో అయితే పులి ఇక ఆ చుట్టుపక్కలకే రాదు.

తప్పిన గురి.. పుట్టిన నరభక్షి

అసలు విషయం ఇక్కడుంది. పులి కానీ చిరుత కానీ పుట్టుకతో మనిషిని తినదు. మనిషంటే దానికి భయం. ఆ భయం పోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. అండర్సన్ రాసిన కథల్లో మళ్లీ మళ్లీ కనిపించే కారణం ఒకటే.. గాయం. ఎవరో సరిగ్గా గురి పెట్టకుండా కాల్చారు. కాలికో దవడకో తూటా తగిలింది. జంతువు పొదల్లోకి వెళ్లిపోయింది. కాల్చినవాడు భయపడి వెతకలేదు, ఇంటికెళ్లి పడుకున్నాడు. కుంటి కాలితో జింకను తరిమి పట్టుకోలేని ఆ పులి కొన్నాళ్లకు మేకల మీద, ఆ తర్వాత మేకల కాపరి మీద పడింది.

గుమ్మలాపురం చిరుత కథ ఇంకో రకం. అది 42 మందిని పొట్టన పెట్టుకుంది. ఊళ్లో జనం పొద్దు గూకితే తలుపులు బిడాయించుకుని బయటికి వచ్చేవాళ్లు కాదు. చివరికి అండర్సన్ దాన్ని చంపాక చూస్తే.. ముందు కాలి వేళ్ల మధ్య ముళ్లపంది ముళ్లు రెండు లోపలే విరిగి ఉండిపోయాయి.  42 ప్రాణాల వెనక ఉన్నది ఆ రెండు ముళ్లు!

ఇప్పుడు రెండో తూటా విలువ అర్థమవుతుంది. మొదటి తూటా గురి తప్పి జంతువు గాయపడితే, అది పొదల్లోకి దూరేలోపు ఒకటి రెండు సెకన్లే ఉంటాయి. ఆ టైంలో రెండోసారి పేల్చగలిగితే అక్కడితో అయిపోతుంది. లేదంటే వేటగాడు తెల్లారాక నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ, గాయపడిన పులి కోసం నడుచుకుంటూ వెళ్లాలి. వేటలో అన్నిటికన్నా ప్రమాదం అదే. వెళ్లకుండా వదిలేస్తే ఇంకో నరభక్షి తయారవుతుంది. గాయపరిచిన జంతువును వదిలేసి ఇంటికి వచ్చేవాళ్లంటే అండర్సన్‌కు గిట్టేది కాదు. సరదాగా తుపాకీ పట్టుకుని జీపుల్లో తిరిగి, రోడ్డు మీది నుంచే లైట్లు వేసి కాల్చేవాళ్ల మీద ఆయనకున్న కోపం పుస్తకాల నిండా ఉంటుంది. లీవర్ యాక్షన్ రైఫిల్ ఆయనకు స్టైల్ కోసం కాదు. మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేయకుండా ఉండటానికి.

ముదిగుబ్బ నుంచి భాకరాపేట దారిలో

ముదిగుబ్బ దాటి కదిరి, మదనపల్లె, పీలేరు మీదుగా తిరుపతికి వెళ్లేవాళ్లకు భాకరాపేట ఘాట్ తెలిసే ఉంటుంది. అప్పటిదాకా ఎండిన గుట్టలు, బండరాళ్లు చూసిన కళ్లకు ఒక్కసారిగా అడవి తగులుతుంది. శేషాచలం కొండల్లోని చామల లోయ అదే. అండర్సన్ మొదటి పుస్తకంలోని ఓ పెద్ద కథ మొత్తం ఇక్కడే జరుగుతుంది. భాకరాపేట, నాగపట్ల, పులిబోను.. ఈ పేర్లన్నీ లండన్‌లో అచ్చయిన ఇంగ్లిష్ పుస్తకంలో కనిపిస్తాయి. పులిబోను పేరులోనే పులి ఉంది చూడండి.

ఇక రేణిగుంట దాటాక వచ్చే మామండూరు. మద్రాసు–బొంబాయి రైలు మార్గంలో చిన్న స్టేషన్. అక్కడ మనుషుల్ని చంపిన పులి మీద ఆయన ఇంకో కథ రాశారు. మామండూరు అంటే ఇప్పుడు ఫారెస్ట్ గెస్ట్ హౌస్, వీకెండ్ టూరిజం గుర్తొస్తాయి. అప్పట్లో రైల్వే ట్రాక్ మీద పనిచేసే గ్యాంగ్‌మెన్‌లు, కట్టెలు కొట్టుకునేవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికిన చోటు.

మూడోది నల్లమల. నంద్యాల–గిద్దలూరు రైలు మార్గంలో గాజులపల్లి, చలమ, దిగువమెట్ట స్టేషన్లున్నాయి. చుట్టూ అడవి, చెంచుల గూడేలు. హైదరాబాద్ సంస్థానం వైపు నుంచి వచ్చిన పులి ఒకటి ఈ లైన్ వెంట మనుషుల్ని పట్టుకుందంటూ ఆయన రాసిన కథ చదివితే ఆ స్టేషన్లలో రాత్రిపూట రైలు ఆగినా దిగబుద్ధి కాదు. హైదరాబాద్ దగ్గర పుట్టినవాడు హైదరాబాద్ పులి వెంటపడటం భలే కాకతాళీయం.

ఈ కథల్లో ఆయన కన్నా ఎక్కువగా గుర్తుండిపోయేది ఆ ఊళ్ల జనం. అటవీ గార్డులు, బండి తోలేవాళ్లు, స్టేషన్ మాస్టర్లు, భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లు. తమిళనాడు అడవుల్లో ఆయనకు దారి చూపించిన బైరా అనే పూజారి తెగ మనిషి. అడవిని చదవడం తనకు నేర్పింది ఇలాంటివాళ్లేనని అండర్సన్ ఎక్కడా దాచుకోలేదు. ఆ కాలపు దొరల పుస్తకాల్లో ఇది అంతగా కనిపించని గుణం.

లెక్క విషయానికొస్తే, 1939 నుంచి 1966 మధ్య ప్రభుత్వ రికార్డుల ప్రకారం 8 నరభక్షి చిరుతలు, 7 నరభక్షి పులులు ఆయన చేతిలో చనిపోయాయని సాధారణంగా చెబుతారు. మదమెక్కిన ఏనుగులు వేరే. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని కొందరంటారు. పుస్తకాల్లో ఉన్నదంతా అక్షరాలా అలాగే జరిగిందా అనే అనుమానం ఆయన అభిమానుల్లోనే ఉంది. హిమాలయాల వైపు జిమ్ కార్బెట్‌కు ఉన్నంత పక్కా రికార్డు అండర్సన్‌కు లేదన్నది నిజం. కథ చెప్పడం తెలిసినవాడు కాస్త మసాలా వేసి ఉండొచ్చు. కానీ ఊర్ల పేర్లు, కొండ దారులు, వాగులు, చెట్లు మాత్రం మ్యాపు పక్కన పెట్టుకుని చదివినా సరిపోతాయి.

తొలి పుస్తకం 1954లో వచ్చింది. తొమ్మిది నరభక్షులు, ఓ మదపుటేనుగు గురించి. ప్రచురించింది లండన్‌లోని జార్జ్ అలెన్ అండ్ అన్విన్. ఆ తర్వాత వరసగా పుస్తకాలు వచ్చాయి. పొరుగున కర్ణాటకలో అయితే ఆయన ఇంటింటి పేరు. ప్రముఖ రచయిత పూర్ణచంద్ర తేజస్వి ఈ కథలను కన్నడలోకి తెచ్చారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి.

తుపాకీ నుంచి కెమెరాకు

రాను రాను అండర్సన్‌కు కాల్చడం మీద ఇష్టం తగ్గిపోయింది. మనుషులకు ప్రమాదం లేని పులిని చంపడం దేనికి అనే ప్రశ్న ఆయన రాతల్లో గట్టిపడుతూ వచ్చింది. కెమెరా పట్టుకుని, ఒంటరిగా, రాత్రిళ్లు అడవిలో తిరగడమే ఇష్టమైంది. అడవులు కరిగిపోతున్నాయని, పులులు అంతరించిపోతాయని ఆయన బాధపడుతూ రాసేనాటికి చాలామందికి అదో సమస్యలాగే కనిపించలేదు.

ఆ తుపాకీ కాలమూ అప్పటికే ముగిసింది. 1895 మోడల్ తయారీని వించెస్టర్ 1940 నాటికే ఆపేసింది. వేట కాలం కూడా. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. పులిని కాల్చడం ఇక వీరత్వం కాదు, జైలుకు పంపే నేరం.

ఆ మరుసటి ఏడాదే, 1974 ఆగస్టు 30న, బెంగళూరులో క్యాన్సర్‌తో అండర్సన్ చనిపోయారు. వయసు 64. పులి పంజాకు అందని మనిషిని జబ్బు తీసుకెళ్లింది. పాత అడవుల జ్ఞాపకాలతో రాసిన చివరి పుస్తకం ఆయన పోయాక 1976లో వచ్చింది. కొడుకు డొనాల్డ్ కూడా తండ్రిలాగే వేటగాడు. బెంగళూరులోనే ఉండి 2014లో కన్నుమూశారు.

చిరుతలు మాత్రం పోలేదు. అనంతపురం వైపు గుట్టల్లో ఇప్పటికీ ఉన్నాయి. మేకల కోసం, కుక్కల కోసం ఊరి దాకా వస్తాయి. ఇప్పుడు వాటికి తగిలే గాయం వించెస్టర్ తూటాది కాదు. పందుల కోసం చేను గట్టున పెట్టే ఉచ్చుది, నాటు తుపాకీ రవ్వలది, పిండిలో చుట్టిన నాటు బాంబుది. పంది కోసం పెట్టిన ఉచ్చులో చిరుత కాలు పడితే, తీగ తెంపుకుని కుంటుకుంటూ గుట్ట ఎక్కిన ఆ జంతువు తర్వాత ఏం తిని బతుకుతుందో అండర్సన్ పుస్తకాలు చదివినవాళ్లకు తెలుసు. చిరుత కనిపిస్తే రాళ్లు వేయకుండా, సెల్ఫీకి ఎగబడకుండా అటవీ శాఖకు ఫోన్ చేయమని అధికారులు మొత్తుకునేది ఇందుకే.

నల్లమలలో ఆయన తిరిగిన దిగువమెట్ట చుట్టుపక్కల అడవులు ఇప్పుడు రక్షిత ప్రాంతం. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ పులులు అటు కూడా తిరుగుతున్నాయి. భాకరాపేటలో చామల రేంజ్ అటవీ కార్యాలయం ఇంకా ఉంది. అక్కడి సిబ్బంది రాత్రిళ్లు కాపు కాసేది పులుల కోసం కాదు, ఎర్రచందనం దొంగల కోసం.